డైపర్ అతుకుకు ఇరవై ఏళ్ల గుత్తహక్కా? పేటెంట్ ఇచ్చేటప్పుడూ కారణం రాయాలి

జీఎస్ పేపర్-3 | మేధో సంపత్తి హక్కులు | వ్యాస సాధన

పేటెంట్లు అనగానే మన నోట్సులన్నిటిలో ఒకే వరుస కనిపిస్తుంది: ఎవర్‌గ్రీనింగ్, సెక్షన్ 3(డి), గ్లివెక్, నోవార్టిస్ తీర్పు, 2013. ఒక బాణం గుర్తు, పక్కన ‘ప్రజారోగ్యం వర్సెస్ ఆవిష్కరణ’ అని ఒక మాట. అక్కడితో టాపిక్ అయిపోయినట్టే. ఆ వరుసలో తప్పేమీ లేదు. కానీ అది మన చేత ఒక అబద్ధాన్ని నమ్మిస్తోంది. పాత వస్తువుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ తీసుకునే ఆట మందుల కంపెనీలే ఆడతాయనీ, దాన్ని 3(డి) ఆపేసిందనీ మనం అనుకుంటున్నాం.

మందుల షాపులో మాత్రలు పై అరల్లో ఉంటాయి. కింది అరలో డైపర్ ప్యాకెట్లు ఉంటాయి. అదే ఆట ఆ కింది అరలోనూ నడుస్తుంది. అక్కడ 3(డి) మొదటి భాగం పనిచేయదు, ఎందుకంటే అది తెలిసిన పదార్థం కొత్త రూపం గురించి మాట్లాడుతుంది. డైపర్ పక్క అతుకు కొత్త పదార్థమేమీ కాదు. అక్కడ మనల్ని కాపాడాల్సింది చట్టంలోని ఇంకో మాట: ఆబ్వియస్‌నెస్. అంటే, ఆ రంగంలో పనిచేసే నిపుణుడికి ఇట్టే తట్టేదా, కాదా అన్న ప్రశ్న. పేటెంట్ చట్టానికి గుండెకాయ ఇదే. మన నోట్సుల్లో దానికి అర లైను కూడా దక్కదు.

ఈ వ్యాసంలో నా వాదన ఒక్కటే. ఒక దరఖాస్తును తిరస్కరించాలంటే కారణాలు రాయమని మన వ్యవస్థ అధికారిని అడుగుతోంది. ఇరవై ఏళ్ల గుత్తహక్కు ఇచ్చేటప్పుడు మాత్రం అడగడం లేదు. ఈ తేడా పోవాలి. ఎందుకు పోవాలో డైపర్ అతుకు కన్నా బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

1. ముందు వస్తువు చూద్దాం

ప్యాంట్ తరహా డైపర్‌ను ఒకసారి తిరగేసి చూడండి. ముందు భాగం, వెనుక భాగం, నడుముకు రెండు పక్కలా వాటిని కలిపే నిలువు గీత. దారం ఉండదు. పాలీప్రొపిలిన్ పోగులను నేయకుండానే పరిచి అతికిస్తే వచ్చే గుడ్డను నాన్‌వోవెన్ అంటారు. అలాంటి పొరలను ఒకదాని మీద ఒకటి పెట్టి, కంపించే లోహపు హార్న్‌కూ గట్లు ఉన్న డ్రమ్ముకూ మధ్య నుంచి పంపుతారు. హార్న్ సెకనుకు సుమారు 20 వేల సార్లు కంపిస్తుంది. గట్టు తగిలిన చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరిగి పొరలు ఒకటవుతాయి. తగలని చోట గుడ్డ గుడ్డలాగే ఉంటుంది. అందుకే ఆ గీత చుక్కలు చుక్కలుగానో చిన్న చిన్న అడ్డగీతలుగానో కనిపిస్తుంది. వేడి రోలర్లతోనూ జిగురుతోనూ అతికేవాళ్లూ ఉన్నారు.

ఈ అతుకు ఒకేసారి మూడు పనులు చేయాలి. బిడ్డకు తొడుగుతూ పైకి లాగినప్పుడు ఊడిపోకూడదు. తడిసిన డైపర్‌ను తీసేటప్పుడు అమ్మ రెండు వేళ్లతో పట్టి చింపితే పైనుంచి కింది దాకా చిరిగిపోవాలి. మధ్యలో బిడ్డ నడుముకు గీసుకోకూడదు. వీటికి తోడు యంత్రం నిమిషానికి వందల డైపర్లు తీస్తుంది కాబట్టి, ఒక్కో అతుకుకు దొరికే సమయం రెప్పపాటు కూడా ఉండదు. నేను మెకానికల్ చదివినవాణ్ణి. ఇందులో ఇంజినీరింగ్ లేదని నేను చచ్చినా అనను.

అయితే ఇంజినీరింగ్ ఉన్న ప్రతి పనికీ పేటెంట్ రాదు. బండి రిపేరు చేసే మెకానిక్ రోజుకు పది సమస్యలు విప్పుతాడు. అది అతని వృత్తి. వృత్తిలో రోజూ చేసే పనినీ ఆవిష్కరణనూ వేరు చేసే గీత ఎక్కడ గీయాలన్నదే ఆబ్వియస్‌నెస్ వివాదం మొత్తం.

2. చట్టం ఏమంటోంది?

పేటెంట్ల చట్టం, 1970లో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన చోట్లు ఇవి.

- సెక్షన్ 2(1)(జెఏ): ఇన్వెంటివ్ స్టెప్ నిర్వచనం. ఉన్న జ్ఞానంతో పోలిస్తే సాంకేతిక పురోగతి ఉండాలి, లేదా ఆర్థిక ప్రాముఖ్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. దాని వల్ల ఆ ఆవిష్కరణ ఆ రంగపు నిపుణుడికి ఇట్టే తట్టనిది అయి ఉండాలి.
- సెక్షన్ 3(డి) రెండో భాగం: తెలిసిన ప్రక్రియనో యంత్రాన్నో పరికరాన్నో కేవలం వాడటం ఆవిష్కరణ కాదు. ఆ ప్రక్రియ వల్ల కొత్త ఉత్పత్తి వస్తేనో, కొత్త రియాక్టెంట్ ఒక్కటైనా వాడితేనో తప్ప. మనం మొదటి భాగం బట్టీ పట్టి దీన్ని వదిలేస్తాం.
- సెక్షన్ 3(ఎఫ్): తెలిసిన పరికరాలు వేటికవి తెలిసిన పద్ధతిలోనే పనిచేస్తుంటే, వాటిని పక్కపక్కన అమర్చడం, అటూ ఇటూ మార్చడం ఆవిష్కరణ కాదు.
- సెక్షన్ 13(4): పేటెంట్ కార్యాలయం పరిశీలించి ఇచ్చినంత మాత్రాన ఆ పేటెంట్ చెల్లుతుందన్న హామీ లేదు.
- సెక్షన్ 25(1): పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. 25(2): ఇచ్చిన విషయం ప్రచురితమైన ఏడాదిలోపు, సంబంధం ఉన్న వ్యక్తి అభ్యంతరం చెప్పవచ్చు.
- సెక్షన్ 53: పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు.
- సెక్షన్ 64: ఇచ్చిన పేటెంట్‌ను రద్దు చేసే కారణాలు. ఆబ్వియస్‌నెస్ అందులో ఒకటి.

13(4)ను ఇంకోసారి చదవండి. ప్రభుత్వమే ముద్ర వేసి ఇచ్చిన కాగితానికి ప్రభుత్వమే హామీ ఉండదు. అయినా ఆ కాగితం చూపించి పోటీదారుకు నోటీసు పంపవచ్చు, కోర్టుకు ఈడ్చవచ్చు.

3. మూడు అతుకులు, మూడు జవాబులు

కింది మూడు క్లెయిమ్‌లు నేను ఉదాహరణకు తయారుచేసినవి. ఏ కంపెనీవీ కావు. మీరే కంట్రోలర్ అనుకుని చదవండి.

మొదటిది: ప్యాంట్ డైపర్ పక్క అతుకును జిగురుకు బదులు అల్ట్రాసోనిక్ పద్ధతిలో వేయడం. ప్లాస్టిక్‌ను కంపనంతో అతికే విద్య 1960ల నుంచి ఉంది. పాలీప్రొపిలిన్ గుడ్డ ప్లాస్టిక్కే. జిగురు ఖర్చు తగ్గించుకోవాలన్న కోరిక ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉంటుంది. తెలిసిన పనిముట్టు, తెలిసిన వస్తువు, ముందే ఊహించగల ఫలితం. ఇది ఇట్టే తట్టేదే. తిరస్కరించాలి.

రెండోది: అతుకు చుక్కల మధ్య దూరం నడుము దగ్గర ఇంత, తొడ దగ్గర ఇంత అని కొలతలు చెప్పడం. నడుము దగ్గర లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ చుక్కలు దగ్గరగా వేయాలని బీటెక్ రెండో ఏడాది కుర్రాడికి కూడా తడుతుంది. ఎంత దగ్గరగా అన్నది పది నమూనాలు చేసి లాగి చూస్తే తేలుతుంది. దీన్ని వర్క్‌షాపు సర్దుబాటు అంటారు. ఆ కొలతల మధ్య ఎవరూ ఊహించని ఫలితం వచ్చిందని దరఖాస్తుదారు అంకెలతో చూపిస్తే మాట వేరు. చూపించే బాధ్యత మాత్రం వాళ్లదే.

మూడోది: సాగే పొరలు ఎక్కువ వేగంలో వేడికి దెబ్బతిని పట్టు కోల్పోతుంటే, డ్రమ్ము నిర్మాణాన్నే మార్చి, వేగం తగ్గకుండా ఆ నష్టాన్ని ఆపడం. ఆ రంగంలో వాళ్లంతా వేగం తగ్గించడమే దారి అనుకుంటున్న రోజుల్లో ఒకరు వేరే దారి చూపించారు. దీనికి పేటెంట్ ఇవ్వాలి. నేనే చప్పట్లు కొడతాను.

మూడూ డైపర్ అతుకులే. మూడింటికీ జవాబు ఒకటి కాదు. కాబట్టి ‘చిన్న వస్తువు కదా, దీనికి పేటెంటేమిటి’ అని నవ్వేవాళ్లతో నేను లేను. ‘పేటెంట్ల సంఖ్య పెరిగితే దేశం ముందుకెళ్లినట్టే’ అనేవాళ్లతో అసలే లేను. జవాబు ప్రతిసారీ కారణంలో ఉంటుంది. ఆ కారణం కాగితం మీద ఉండాలి.

4. మీర్జాపూర్ గిన్నెలు

ఆబ్వియస్‌నెస్ అమెరికా నుంచి దిగుమతైన సరుకు అనుకునేవాళ్లు 1978 డిసెంబర్‌లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ తీర్పు చదవాలి. వివాదం మీర్జాపూర్‌లో లోహపు గిన్నెలు తయారుచేసేవాళ్లది. గిన్నెను లేత్ మీద తిప్పుతూ నునుపు చేసేటప్పుడు అది ఎగిరిపోకుండా నొక్కి పట్టే ఏర్పాటుకు ఒక సంస్థ 1950ల తొలి రోజుల్లో పేటెంట్ తీసుకుంది. పక్కవాళ్లు అదే పద్ధతి వాడారని దావా వేసింది. అవతలివాళ్లు అన్నదేమిటంటే: లేత్ పాతది, నొక్కి పట్టే భాగం పాతది, ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏముంది?

సుప్రీంకోర్టు ఆ పేటెంట్ చెల్లదంది. తెలిసిన వస్తువుకు చేసే మెరుగుదల వర్క్‌షాపు స్థాయిని దాటి ఉండాలనీ, పాత భాగాల కలయిక అయితే దాని నుంచి కొత్త ఫలితమో, మెరుగైన లేదా చౌకైన వస్తువో రావాలనీ, అందులో బుద్ధి వికాసం కనబడాలనీ చెప్పింది. డైపర్ అతుకుకు కావాల్సిన సూత్రమంతా మన మీర్జాపూర్ గిన్నెలోనే ఉంది.

ఈ కేసులో విదేశీ కంపెనీ లేదు, మందు లేదు. ఇద్దరూ మనవాళ్లే, ఒకే ఊరివాళ్లే. బలహీనమైన పేటెంట్ వల్ల నష్టపోయేది పక్క షెడ్డులోని చిన్న తయారీదారు అని ఈ కేసు చెబుతుంది. ఇంకో విషయం కూడా చెబుతుంది. పేటెంట్ నాటి నుంచి తుది తీర్పు దాకా పాతికేళ్లు గడిచాయి. గెలిచినవాళ్లకు ఆ గెలుపు ఏ పాటి ఉపయోగపడిందో మీరే ఆలోచించండి.

5. అమెరికా అనుభవం

డైపర్ల మీద పెద్ద కోర్టు పోరాటాలు జరిగిన చోటు అమెరికా. ఆ రికార్డు బహిరంగంగా ఉంది కాబట్టి అక్కడికి వెళ్దాం.

మొదట సూత్రం. 2007లో కేఎస్ఆర్ వర్సెస్ టెలీఫ్లెక్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వస్తువు కారు పెడల్. ముందుకూ వెనక్కూ జరిపే పెడల్ పాతది, ఎలక్ట్రానిక్ సెన్సర్ పాతది, రెంటినీ కలపడం కొత్త అన్నారు. రెండు పాత విషయాలను కలపమని ఏదో ఒక పత్రంలో రాసి ఉంటే తప్ప ఆబ్వియస్ అనకూడదన్నట్టుగా దిగువ కోర్టు పరీక్షను బిగించి వాడింది. సుప్రీంకోర్టు ఆ బిగింపు కుదరదంది. నిపుణుడంటే చెప్పిందే చేసే యంత్రం కాదనీ, మామూలు తెలివితేటలున్న మనిషనీ గుర్తుచేసింది.

ఇక డైపర్లు. 1997 డిసెంబర్‌లో డెలావేర్ ఫెడరల్ కోర్టు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ పక్షాన పారగాన్ ట్రేడ్ బ్రాండ్స్ మీద తీర్పిచ్చింది. పారగాన్ సూపర్ మార్కెట్ల సొంత పేర్లతో చౌక డైపర్లు చేసే కంపెనీ. వివాదం తొడ దగ్గర లీకును ఆపే లోపలి అంచు గురించి. పేటెంట్లు చెల్లుతాయని కోర్టు తేల్చింది. వారం పది రోజుల్లోనే, 1998 జనవరిలో, పారగాన్ దివాలా రక్షణ కోరింది. ఒక అంచు కోసం ఒక కంపెనీ కూలిపోవచ్చు. అలాంటి ఆయుధాన్ని చేతికిచ్చే ముందు ఎంత జాగ్రత్త కావాలి?

2011లో ఫెడరల్ సర్క్యూట్ ముందుకు కింబర్లీ-క్లార్క్, ఫస్ట్ క్వాలిటీ వివాదం వచ్చింది. ఈసారి వస్తువు పిల్లల ట్రైనింగ్ ప్యాంట్లు. పేటెంట్ చెల్లుబాటు మీద గట్టి సందేహం ఉన్నప్పుడు, విచారణ ముగియకముందే పోటీదారు అమ్మకాలు ఆపించవచ్చా అన్న దాని మీద ఆ కోర్టు న్యాయమూర్తుల మధ్యే భేదాభిప్రాయం బయటపడింది.

అన్నిటికన్నా పాఠం నేర్పేది ఎస్‌సీఏ హైజీన్ వర్సెస్ ఫస్ట్ క్వాలిటీ. పెద్దల డైపర్ల కేసు. తేదీలు వరుసగా చూడండి. 2003లో ఎస్‌సీఏ ఉత్తరం రాసింది: మా పేటెంట్‌ను ఉల్లంఘిస్తున్నారు. ఫస్ట్ క్వాలిటీ జవాబిచ్చింది: మా దగ్గర ఇంకా పాత పేటెంట్ ఉంది, అందులో ఇదే నిర్మాణం ఉంది, కాబట్టి మీది చెల్లదు. 2004లో ఎస్‌సీఏ తన పేటెంట్‌ను మళ్లీ పరిశీలించమని పేటెంట్ కార్యాలయాన్ని కోరింది. 2007లో కార్యాలయం చెల్లుతుందంది. 2010లో దావా. 2017 మార్చిలో సుప్రీంకోర్టు 7-1తో తీర్పు చెప్పింది. అదీ డైపర్ నిర్మాణం గురించి కాదు. ఇంత ఆలస్యంగా వచ్చినవాడు పాత నష్టపరిహారం అడగవచ్చా అన్న దాని గురించి. అడగవచ్చంది.

పాత పత్రంతో కొత్త పత్రాన్ని పోల్చే పనికి మూడేళ్లు. మొదటి ఉత్తరం నుంచి సుప్రీంకోర్టు దాకా పద్నాలుగేళ్లు. ఆ ఖర్చు భరించగల పెద్ద కంపెనీలు కాబట్టి నిలబడ్డాయి. ఇదే నోటీసు మన దగ్గర పదిహేను మంది పనిచేసే ప్యాడ్ల యూనిట్‌కు వస్తే? చెల్లదని నిరూపించడానికి హైకోర్టుకు వెళ్లాలి, లాయర్‌ను పెట్టుకోవాలి, నిపుణుడి అఫిడవిట్ తేవాలి. ఆ యూనిట్ యజమాని యంత్రం ఆపేస్తాడు. అక్కడ తీర్పు ఉండదు, వార్త ఉండదు, మన కరెంట్ అఫైర్స్ పుస్తకంలో ఎంట్రీ కూడా ఉండదు.

6. ‘బాగా అమ్ముడైంది’ అనేది సాక్ష్యమా?

2(1)(జెఏ)లో ‘ఆర్థిక ప్రాముఖ్యం’ అన్న మాట ఉంది కదా. దాని తర్వాత ఇట్టే తట్టకూడదన్న షరతు కూడా ఉంది, కాబట్టి ఆర్థిక ప్రాముఖ్యం ఒక్కటే సరిపోదు. అయినా ఆ మాట ఒక కిటికీ తెరిచి పెడుతోంది. మా వస్తువు కోట్లలో అమ్ముడైంది, కాబట్టి ఇందులో ఆవిష్కరణ ఉంది అనే వాదన ఆ కిటికీలోంచే వస్తుంది.

డైపర్ ఎందుకు అమ్ముడవుతుంది? టీవీలో ప్రకటన వల్ల. ఆసుపత్రిలో బాలింత చేతికి ఉచితంగా ఇచ్చే శాంపిల్ వల్ల. పల్లెటూరి కిరాణా కొట్టు దాకా వెళ్లే చిన్న ప్యాకెట్ వల్ల. పక్క అతుకు చుక్కలు చూసి డైపర్ కొన్న తల్లిని మీరెవరైనా చూశారా? అమ్మకానికీ ఆ ప్రత్యేక లక్షణానికీ నేరుగా లంకె ఉందని చూపించనంత వరకు అమ్మకాల అంకెకు ఇక్కడ విలువ ఇవ్వకూడదు. లేకపోతే ప్రకటనల బడ్జెట్టే ఇన్వెంటివ్ స్టెప్ అయిపోతుంది.

7. ఎదుటివాళ్ల వాదనలు

మెయిన్స్ జవాబులో ఎదుటి పక్షం లేకపోతే మార్కులు పడవు. అంతకన్నా ముఖ్యంగా, ఈ వాదనల్లో బలం ఉంది.

మొదటి వాదన: జవాబు తెలిశాక అన్నీ సులువే. ప్రిలిమ్స్ కీ చేతికొచ్చాక ‘ఇది నాకు తెలిసిందే’ అని మనం అనుకోమా? పరీక్ష హాల్లో ఎందుకు తట్టలేదు? కంట్రోలర్ కూడా ఆవిష్కరణను చదివాకే పాత పత్రాలు వెతుకుతాడు కాబట్టి అన్యాయం జరగవచ్చు. ఇది నిజమైన ప్రమాదం. 2022లో అగ్రిబోర్డ్ కేసులో ఢిల్లీ హైకోర్టు దీనికి మందు చెప్పింది. ఇన్వెంటివ్ స్టెప్ లేదని తిరస్కరించేటప్పుడు కంట్రోలర్ మూడు విషయాలు చర్చించాలి: పాత పత్రంలో ఏముంది, దరఖాస్తులో ఏముంది, మొదటి దాని నుంచి రెండోది నిపుణుడికి ఎలా తడుతుంది. చక్కటి నియమం. నా ప్రశ్న ఏమిటంటే, ఈ నియమం ఒక వైపే ఎందుకు? ఎవరూ అభ్యంతరం చెప్పని దరఖాస్తు మంజూరైతే, ఎందుకు మంజూరైందో వివరించే ఉత్తర్వు సాధారణంగా ఉండదు. పరిశీలన నివేదిక ఉంటుంది, దరఖాస్తుదారు జవాబు ఉంటుంది. ఆ జవాబు అధికారికి ఎందుకు నచ్చిందో ఉండదు.

రెండో వాదన: కఠినంగా ఉంటే మన చిన్న పరిశ్రమలకే నష్టం, వాళ్లు చేయగలిగేది చిన్న మెరుగుదలలే. చిన్న మెరుగుదలలకు రక్షణ కావాలంటే దానికి వేరే దారి ఉంది. జర్మనీ, చైనాల్లో తక్కువ గడువు ఉండే యుటిలిటీ మోడల్ ఉంది. మన దగ్గర కూడా 2011లో కేంద్రం దీనిపై చర్చాపత్రం విడుదల చేసింది. అది మంచిదా చెడ్డదా అన్నది పార్లమెంటు బహిరంగంగా తేల్చాల్సిన సంగతి. పదేళ్ల విలువైన ఆలోచనకు ఇరవై ఏళ్ల పేటెంట్ ఇచ్చి దొడ్డిదారిన ఆ పని కానివ్వకూడదు.

మూడో వాదన: ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు ఒప్పుకోవు. ట్రిప్స్ 27వ అధికరణం ఇన్వెంటివ్ స్టెప్ ఉండాలంటుంది, అది ఎంత ఎత్తులో ఉండాలో చెప్పదు. సాంకేతిక రంగాల మధ్య వివక్ష చూపవద్దని మాత్రం చెబుతుంది. మన 3(డి) మీద విదేశాలు వేసే నింద కూడా అదే: మందులనే పట్టుకుంటున్నారని. అలాంటప్పుడు డైపర్‌కూ మందుకూ పెడల్‌కూ ఒకే కఠినమైన ఆబ్వియస్‌నెస్ పరీక్ష పెట్టడం మన స్థానాన్ని బలపరుస్తుంది.

8. ఏం చేయాలి?

2023-24లో మన పేటెంట్ కార్యాలయం ఏడాదిలో లక్షకు పైగా పేటెంట్లు ఇచ్చిందని ప్రభుత్వం గర్వంగా ప్రకటించింది. మనం కూడా ఆ అంకెను ‘సానుకూల అంశాలు’ కింద రాసుకున్నాం. 1959 నాటి అయ్యంగార్ కమిటీ నివేదిక గుర్తుందా? అప్పటి భారత పేటెంట్లలో 80-90 శాతం విదేశీయుల చేతుల్లోనే ఉన్నాయనీ, వాటిలో అత్యధికం ఇక్కడ అసలు వాడకంలోకే రాలేదనీ అది చెప్పింది. సంఖ్యను చూసి మురిసిపోవద్దని ఆ నివేదిక అప్పుడే నేర్పింది.

నా సూచనలు మూడు.

ఒకటి, ప్రతి మంజూరుకూ అర పేజీ కారణం. అన్నిటికన్నా దగ్గరి పాత పత్రం ఏది, దానికీ దీనికీ తేడా ఏమిటి, ఆ తేడా నిపుణుడికి ఎందుకు తట్టదు. మూడు వాక్యాలైనా చాలు. పరిశీలకులకు పని పెరుగుతుందంటారు. పెరగనివ్వండి, ఖాళీలు నింపండి. ఆ అర పేజీ రాయలేకపోయిన చోట పేటెంట్ ఇవ్వకూడదని తేలిపోతుంది. రాసిన చోట, రేపు నోటీసు అందుకున్న చిన్న తయారీదారుకు తన వాదన ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. నిజమైన ఆవిష్కర్తకూ ఇది మేలే. కారణంతో వచ్చిన పేటెంట్ కోర్టులో గట్టిగా నిలబడుతుంది.

రెండు, అమ్మకాల అంకెలను ఆ లక్షణంతో లంకె చూపించినప్పుడే పరిగణించాలని కంట్రోలర్ల మార్గదర్శకాల్లో రాయాలి.

మూడు, ముందస్తు అభ్యంతరాన్ని మళ్లీ తేలిక చేయాలి. 2023లో క్షయ మందు బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ రెండో పేటెంట్ దరఖాస్తు ఇక్కడ తిరస్కరణకు గురైంది. అభ్యంతరం చెప్పినవాళ్లలో క్షయను జయించిన ఇద్దరు మహిళలున్నారు. సెక్షన్ 25(1)లో ‘ఎవరైనా’ అన్న మాటకు ఉన్న బలం అది. 2024 సవరణ నిబంధనలు ఈ అభ్యంతరానికి రుసుము పెట్టాయి. అభ్యంతరం విచారణకు నిలుస్తుందో లేదో కంట్రోలర్ ముందే తేల్చే దశను కూడా చేర్చాయి. పనికిమాలిన అభ్యంతరాలను ఆపడానికేనంటున్నారు. పనికిమాలిన దరఖాస్తులను ఆపే ఏర్పాటు మాత్రం అంత చురుగ్గా రాలేదు. వ్యక్తులకూ వినియోగదారుల సంఘాలకూ ఈ రుసుము తీసేయాలి.

ఇదంతా లాయర్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయనకు రోజుకు మూడు డైపర్లు మార్చాలంటే నెలకు తొంభై కావాలి. పింఛను మీద బతికే ఇంట్లో అది బియ్యం ఖర్చుతో పోటీ పడుతుంది. డైపర్ ధర మొత్తానికి పేటెంటే కారణమని నేను అనను. గుజ్జు, పాలిమర్, రవాణా, పన్ను అన్నీ ఉన్నాయి. కానీ ఆ ధర తగ్గాలంటే ఇంకో నలుగురు తయారీదారులు భయం లేకుండా యంత్రం పెట్టగలగాలి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో జపాన్ కంపెనీ యూనిచార్మ్ ఫ్యాక్టరీ నడుపుతోంది. సంతోషమే. ఆ ఫ్యాక్టరీలో పదేళ్లు పని నేర్చుకున్న మన టెక్నీషియన్ రేపు సొంతంగా ఒక లైన్ పెట్టుకోవాలనుకుంటే, ఏ అతుకు ఎవరి సొత్తో, ఎందుకు వాళ్ల సొత్తో చదివి తెలుసుకునే వీలుండాలి. ఎవరికీ అర్థంకాని వెయ్యి పేటెంట్ల గుట్టను చూసి వెనక్కి తిరిగే పరిస్థితి ఉండకూడదు.

9. జవాబులో ఎలా వాడాలి?

పేటెంట్ల ప్రశ్న వస్తే 3(డి)తో మొదలుపెట్టండి, అక్కడ ఆగకండి. రెండో పేరాలో 2(1)(జెఏ), 3(ఎఫ్) తీసుకురండి. నోవార్టిస్ పక్కన బిశ్వనాథ్ ప్రసాద్ పెట్టండి. విదేశీ ఉదాహరణకు కేఎస్ఆర్ ఒక్కటి చాలు. 2024 నిబంధనల మీద రెండు వైపులా రాయండి. ముగింపులో ‘సమతుల్యత అవసరం’ అన్న అరిగిపోయిన మాట బదులు ఒక స్పష్టమైన సూచన రాయండి. కారణంతో కూడిన మంజూరు అందుకు పనికొస్తుంది. మీకు అంతకన్నా మంచిది తడితే కామెంట్లలో రాయండి, వాదించుకుందాం.

సాధన ప్రశ్న (15 మార్కులు, 250 పదాలు): “పేటెంట్ తిరస్కరణకు కారణాలు కోరే వ్యవస్థ, మంజూరుకు కూడా కారణాలు కోరాలి.” ఇన్వెంటివ్ స్టెప్ నిర్వచనం, ముందస్తు అభ్యంతర విధానంలో ఇటీవలి మార్పుల దృష్ట్యా ఈ వ్యాఖ్యను విమర్శనాత్మకంగా పరిశీలించండి.